గ్యాసు కాదయ్యా, రెక్క!

తెలుగు పండితుడికి లారీలోని ఏసీతో ఏమి పని అని అడగదలచినవారు ఈ టపాను ఇక్కడే వదిలి, ఛందస్సు మీద నేను రాసుకున్న పాత టపాలకు వెళ్ళవచ్చును. నొచ్చుకోను. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో ‘ఎందుకు అని అడగండిరా’ అని పిల్లలకు చెప్పినవాణ్ణి. ఆ పిల్లలలో ఒకడు నలభై ఏళ్ళ వయసులో వచ్చి నిజంగానే అడిగితే, అది నా పాఠ్యాంశం కాదు అనడం నాకు చేతకాలేదు. అందుకే ఈ రాత.

చెప్పదలచినది మొదటే చెబుతాను. లారీ క్యాబినులో ఏసీ వేస్తే వేడిగాలి వస్తున్నదంటే అది గ్యాసు లోపమేనని చూడకుండా తీర్మానించే మెకానిక్కు, పెట్టె మొత్తం మార్చాలని చెప్పే వర్క్‌షాపు, అద్దాలు దించుకొని పోరాదా అనే యజమాని – ఈ ముగ్గురూ మూడు రకాలుగా మాట్లాడుతున్నట్లు కనిపిస్తారు గానీ ముగ్గురిదీ ఒకే తప్పు. తప్పెక్కడుందో వెతకడానికి అరగంట వెచ్చించదగినంత విలువ డ్రైవరు శరీరానికి ఉన్నదని వీరెవరూ నమ్మరు.

నా శిష్యుడు అంగళ్ళు, మదనపల్లె మార్కెట్లలో టమోటా ఎత్తుకొని నాగపూరు దాకా, అప్పుడప్పుడు ఇంకా పైకి, పోతుంటాడు. లారీ అతనిది కాదు. నిరుడు మే నెలలో ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. మెడ చుట్టూ, మోచేతుల మడతలలో చెమటకాయలు ఎర్రగా పొక్కి ఉన్నవి.

“ఏసీ బండే అయ్యోరా. స్విచ్చేస్తే వేడిగాలి కొడతా ఉండాది. దావలో మూడు చోట్ల గ్యాసు కొట్టించినా. ఏమీ మారలా. అసలు గ్యాసు అయిపోతే చల్లంగా రాదు, సరే. కాల్చే గాలి ఎందుకు రావాల?”

ప్రశ్న చూడండి. ఏడో తరగతిలో ప్రత్యయాలు అప్పజెప్పలేక నా చేత తిట్లు తిన్నవాడు. చల్లదనం లేకపోవడం వేరు, వేడి ఉండటం వేరు అన్న విభక్తి భేదాన్ని, మూడు చోట్ల డబ్బు పుచ్చుకున్న ముగ్గురు మెకానిక్కులకన్నా స్పష్టంగా పట్టుకున్నాడు.

“మీ ఓనరు ఏమన్నాడురా?”

“అద్దాలు దించుకోని పో, గాలి రాదా అన్నాడు.”

వస్తుంది, గాలి. మన చర్మపు వేడి సుమారు 35 డిగ్రీలు. బయటి గాలి అంతకన్నా చల్లగా ఉన్నంతసేపే అది ఒంటికి హాయి. ఆదిలాబాదు దాటి నాగపూరు వైపు పోయే దారిలో మే నెల మధ్యాహ్నం గాలి 43, 44 డిగ్రీలుంటే ఆ గాలి ఒంటిలోని వేడిని తీసుకుపోదు, ఎదురు తెచ్చి ఇస్తుంది. ఇక ఒంటిని కాపాడవలసినది చెమట ఒక్కటే. చెమటకు నీళ్ళు కావాలి, నీళ్ళు తాగితే బండి ఆపాలి, బండి ఆపితే టమోటా మెత్తబడుతుంది. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే రోజుకు ఎనిమిది గంటల పని అన్నది. ఆ చట్టం సంగతి టమోటాకు తెలియదు.

మా ఊరివైపువారికి ఈ మాట ఎక్కదు. కారణమున్నది. మాది చల్లని సీమ. సముద్రమట్టానికి రెండువేల అడుగుల పైన ఉన్న మదనపల్లెలో, చింతచెట్టు కింద మంచం వేసుకొని, లారీకి ఏసీ ఎందుకయ్యా అనడం తేలిక. లోడు ఎత్తిన చోటి వాతావరణాన్ని బట్టి దారి పొడుగునా ఉండే వాతావరణాన్ని తేల్చేస్తారు. యజమాని అంగళ్ళలో ఉంటాడు, డ్రైవరు నిర్మల్ ఘాటులో ఉంటాడు.

అన్నట్లు, ఈ అంగళ్ళు దాటి కదిరి దారిలో పోతేనే హార్సిలీ కొండ. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. 1870 ప్రాంతంలో కడప కలెక్టరుగా ఉన్న హార్సిలీ దొర ఎండ తాళలేక నాలుగువేల అడుగుల ఎత్తున ఇల్లు కట్టించుకున్నాడు. కొండకు ఆయన పేరే నిలిచిపోయింది. నేటికీ బస్సులో పోయి ఆ ఇంటిని చూసి వస్తాము, ఎంత రసికుడయ్యా దొర అంటాము. ఎండ నుంచి తప్పించుకోవడం కలెక్టరు చేస్తే చరిత్ర, లారీ డ్రైవరు కోరితే సోకు!

సరే, యంత్రం సంగతికి వస్తాను. నేను మెకానిక్కును కాను, కళ్ళతో చూసినదీ, తరువాత చదివి సరిపోల్చుకున్నదీ రాస్తున్నాను. తప్పుంటే దిద్దండి.

హీటరూ ఏసీ కలిసి ఉన్న క్యాబినులో డ్యాష్‌బోర్డు వెనుక ఒక ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది. అందులో రెండు జల్లెడల వంటి పలకలు. ఒకదానిలో ఏసీ గ్యాసు తిరిగి మంచులాగా చల్లబడుతుంది. రెండవదానిలో ఇంజనును చల్లార్చి వచ్చిన నీళ్ళు, 80, 90 డిగ్రీల వేడితో, తిరుగుతుంటాయి. ఫ్యాను తోసిన గాలి మొదట చల్లని పలకను దాటుతుంది. ఆ తరువాత దానికి రెండు దారులు. వేడి పలక గుండా పోవడం ఒకటి, పక్కనుంచి తప్పించుకొని పోవడం ఒకటి. ఏ దారిలో ఎంత గాలి పోవాలో నిర్ణయించేది ఆ కూడలిలో అరచేయంత ఉన్న ఒక ప్లాస్టిక్ రెక్క. ఆంగ్లంలో దాన్ని బ్లెండ్ డోర్ అంటారు. మన జాలంలోని పదనిర్మాతలు దానికి ‘మిశ్రణ కవాటం’ అని పేరు పెడతారని నాకు ముందే తెలుసు. వద్దు. మేస్త్రీలు ఫ్లాప్ అంటున్నారు, నేను రెక్క అంటున్నాను, ఇంతకు మించి దానికి సంస్కృతం అక్కరలేదు. పాత బండ్లలో ఈ రెక్కను నాబ్‌కు కట్టిన కేబులు తిప్పుతుంది. కొత్తవాటిలో అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దదైన ఒక మోటారు, దానిలో నాలుగైదు ప్లాస్టిక్ పళ్ళచక్రాలు.

చక్రానికి పళ్ళు విరిగినా, కేబులు క్లిప్పులోనుంచి జారినా, రెక్క ఇరుసు చిట్లినా, రెక్క ఉన్నచోటే ఉండిపోతుంది. అది వేడివైపు ఉండిపోయిందనుకోండి. డీజిలు కాల్చి గాలిని చల్లబరచడం, చల్లబరచిన ఆ గాలినే మళ్ళీ కాగబెట్టి డ్రైవరు మొహాన కొట్టడం. ఇంతకన్నా గొప్ప వ్యర్థకార్యం నేను కావ్యాలలో కూడా చదవలేదు. ఈ దశలో గ్యాసు ఎంత కొట్టినా ఏమి లాభం?

అంగళ్ళు దగ్గర ట్రాక్టర్లూ బోరు మోటార్లూ బాగుచేసే ఒక ముసలి మేస్త్రీ ఉన్నాడు. ఏసీ పని ఆయనది కాదు. మరునాడు ఉదయం లారీని ఆయన దగ్గరకే తీసుకుపోయాము, వేరే గతి లేక. ఇంజను ఆన్ చేయించి, ఏసీ వేయించి, క్యాబినులోకి పోయే గొట్టాలలో లావుపాటిదాన్ని నన్నే పట్టుకోమన్నాడు. చల్లగా ఉన్నది, పైన నీళ్ళు చెమర్చి ఉన్నవి.

“గ్యాసు లేకుంటే ఇది ఇంత చల్లంగా ఎట్లుంటాది సామీ?” అన్నాడు.

తరువాత లోపల కూర్చొని నాబ్‌ను చల్లదనం నుంచి వేడికి, వేడి నుంచి చల్లదనానికి నెమ్మదిగా తిప్పాడు. డ్యాష్‌బోర్డు వెనుక టిక్కు టిక్కుమని గోడగడియారం చప్పుడు. గాలి మాత్రం మారలేదు. మూడవది, హీటరుకు వేడినీళ్ళు పోయే రబ్బరు పైపును గుడ్డ చుట్టి పట్టకారుతో నొక్కిపట్టాడు. కొద్ది నిమిషాలలో క్యాబినులో గాలి చల్లబడింది. ముప్పావుగంట పట్టిందేమో మొత్తం. మూడుసార్లు గ్యాసు కొట్టినవారు ఈ మూడు పరీక్షలలో ఒక్కటైనా చేసి ఉంటే!

ఇక్కడ మెకానిక్కుల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. గ్యాసు కొట్టడానికి గంట చాలు, డబ్బు చేతికి వస్తుంది. తప్పు వెతికినందుకు మాత్రం మన దేశంలో ఎవరూ డబ్బివ్వరు. ‘చూసినందుకే డబ్బులా?’ అంటాము. చూడటమే అన్నిటికన్నా కష్టమైన పని అని బడిపంతులుగా నాకు తెలుసు, పరీక్షపత్రాలు దిద్దినవారెవరికైనా తెలుసు. కాబట్టి పరీక్షకు కూలి ఇవ్వని యజమానికి దోషంలో సగభాగం ముడుతుంది. కానీ గొట్టం పట్టుకొని చూడటానికి కూలి ఎంత? పైగా అనవసరంగా గ్యాసు నింపేటప్పుడు ఉన్నదాన్ని గాలిలోకి వదిలేస్తారు. ఆ ఆర్134ఏ వాయువు బరువుకు బరువు చూస్తే బొగ్గుపులుసు వాయువుకన్నా వెయ్యిరెట్లకు మించి భూమిని వేడెక్కిస్తుంది. దాని వంటి వాయువులను తగ్గిస్తామని 2016లో కిగాలీలో దేశాలన్నీ ఒప్పుకున్నాయి, మన దేశం 2021లో దాన్ని ధ్రువపరచింది. ఒక విరిగిన పన్ను కోసం మూడుసార్లు ఆకాశంలోకి!

మేస్త్రీ గ్లవ్‌బాక్సు ఊడదీసి, లోపలికి చేయి పెట్టి, మూడు మరలు విప్పి మోటారు బయటికి తీశాడు. ఒక చక్రానికి వరుసగా రెండు పళ్ళు లేవు. బయటికి కనిపిస్తున్న రెక్క ఇరుసును పట్టకారుతో చల్లనివైపు చివరిదాకా తిప్పి, కదలకుండా కట్టుతీగతో బిగించాడు. శిష్యుడి మొహం మీద చల్లగాలి తగిలింది. ఆ రాత్రే లోడు ఎత్తాడు. నేను ఇంటికి వచ్చి, దేశీయ బుద్ధికుశలత గురించి ఒక టపా రాయాలని కూడా అనుకున్నాను. రాయనందుకు ఇప్పుడు సంతోషిస్తున్నాను.

ఎందుకంటే జనవరిలో అతను టమోటా కాని వేరే సరుకుతో ఢిల్లీ దారి పట్టాడు. గ్వాలియరు దాటాక పొగమంచు. బయట మంచు సరే, క్యాబినులో ఊపిరి తగిలి ముందు అద్దం లోపలివైపు కూడా మసకబారింది. దాన్ని విడగొట్టాలంటే అద్దం మీదికి వెచ్చని పొడిగాలి కొట్టాలి. ఏసీ గాలిలోని తేమను పిండుతుంది, హీటరు ఆ గాలిని వెచ్చబరుస్తుంది. రెండూ కలవాలి. కలపవలసిన రెక్క మేము కట్టిన తీగతో చల్లనివైపు బిగుసుకొని ఉన్నది. ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో తువ్వాలు. తుడిచిన చోట తుడవగానే మళ్ళీ తెల్లబడే అద్దం. దీపాలు లేకుండా దారి పక్కన ఆపిన చెరకు ట్రాలీ ఒకటి ఎంత దగ్గరలో కనిపించిందో నాకు చేతులు చాపి చూపాడు. నవ్వుతూ చెప్పాడు. నేను నవ్వలేకపోయాను. తీగ కట్టిన రోజు పక్కన నిలబడి భేష్ అన్నది నేనే గదా.

ఆ రోజు ఆ మేస్త్రీకి వేరే దారి లేదు, ఆయన తప్పు లేదు. దాన్నే మరమ్మతు అనుకొని ఎనిమిది నెలలు ఊరకున్నందుకు మాది తప్పు. వేసవి మొహం మాత్రమే చూసి, రెక్క అంటే చల్లదనం అనుకున్నాము. దాని పని కలపడం. ఒకవైపు బిగించిన రెక్క, లేని రెక్కతో సమానం.

మరి ఎనిమిది నెలలలో చక్రమో మోటారో ఎందుకు వేయించలేదంటారా? వేయించబోయాము. ఆ వర్క్‌షాపు పేరు చెప్పను. మోటారు విడిగా రాదన్నారు, పెట్టెతో సహా వస్తుందన్నారు. డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి, నాలుగు రోజులు బండి వదలాలి. రెండు పళ్ళ కోసం! యజమాని వద్దన్నాడు. ఇక్కడ మాత్రం నేను యజమానిని నిందించను. వాయిదాలు కట్టుకుంటున్నవాడు నాలుగు రోజులు బండి నిలపలేడు. దంతం నొప్పి అని పోతే దవడ మార్చాలన్న వైద్యుణ్ణి ఎవరు నమ్ముతారు?

ఇది మా ఒక్క బండి గోల కాదు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద రెండున్నరవేల కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. విడిభాగాలనూ, మరమ్మతుకు కావలసిన సమాచారాన్నీ బయటి మెకానిక్కులకు అందకుండా చేసినందుకు. అది అప్పీళ్ళకు పోయింది, ఆ కథ వేరు. 2022 డిసెంబరు 24న, వినియోగదారుల దినోత్సవం నాడు, కేంద్రం మరమ్మతు హక్కు పేరుతో ఒక జాలపుట తెరచింది. అందులో వాహనాలు ఒక విభాగం. హక్కు ఉన్నదని జాలంలో రాసి ఉన్నది. అంగళ్ళలో చక్రం లేదు. అంగడికి బహువచనం అంగళ్ళు, గుడి గుళ్ళయినట్లే. ఊరి పేరే దుకాణాలు! ఇన్ని దుకాణాల ఊరిలో దొరకనిది, వేలిగోరంత ప్లాస్టిక్ పన్ను.

అమెరికాలో ఉన్న మిత్రులు ఇది మన దేశపు అవస్థ అనుకొని నిట్టూర్చవద్దు. 2002 తరువాత వచ్చిన డాడ్జ్ రామ్ పికప్పులలో ఈ రెక్క ఇరుసు విరగడం అక్కడ ఊరూవాడా తెలిసిన సంగతి. అక్కడా పద్ధతి ప్రకారమైతే డ్యాష్‌బోర్డు విప్పవలసిందే. బండ్లవాళ్ళు ఏమి చేశారు? గ్లవ్‌బాక్సు వైపునుంచి పెట్టె గోడను కిటికీలాగా కోసి, విరిగిన ప్లాస్టిక్ రెక్కను లాగివేసి, లోహపు రెక్కను దూర్చి, కోసిన ముక్కను మళ్ళీ అతికించారు. అలాంటి లోహపు రెక్కలు చేసి అమ్మేవారు కూడా పుట్టుకొచ్చారు. అక్కడివారు చేసినది మన మేస్త్రీ బుద్ధే, కానీ తీగ దగ్గర ఆగలేదు. రెక్క మళ్ళీ రెండువైపులా తిరిగేదాకా పోయారు.

ఇక చట్టం. కేంద్ర రవాణా శాఖ 2023 డిసెంబరులో ప్రకటన ఇచ్చింది: 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే, మూడున్నర టన్నులు దాటిన సరుకు వాహనాల క్యాబినులలో ఏసీ అమర్చవలెను. మంచిదే. ఎన్నో ఏళ్ళుగా, ఖర్చు పెరుగుతుందని అడ్డం చెప్పినవారిని దాటుకొని వచ్చిన నిబంధన. కానీ నేను వ్యాకరణం చెప్పి బతికినవాణ్ణి, నా కన్ను క్రియాపదం మీద పడుతుంది. ‘అమర్చవలెను’ అన్నది. నాలుగేళ్ళ తరువాత పన్ను విరిగితే ‘పనిచేయవలెను’ అని ఎవరు ఎవరిని అడగాలో ఆ వాక్యంలో లేదు. ఈ ఏడాదీ వచ్చే ఏడాదీ లక్షల బండ్లు ఈ ఏసీతో రోడ్డెక్కుతాయి. చల్లదనం మాత్రమే ఇచ్చే పెట్టెలున్న బండ్లకు ఈ రెక్క బాధ ఉండకపోవచ్చు. హీటరు కలిసినవాటికి నాలుగైదేళ్ళకు టిక్కు టిక్కు మొదలవుతుంది. అప్పుడు దేశమంతటా గ్యాసు కొడతారు.

చివరగా, నా వయసువారు అనే మాట: “మా కాలంలో ఏసీలున్నాయా? లారీలు నడవలేదా?” నడిచాయి. ఇంజను పక్కనే ఉడుకుతుంటే, సీటు మీద తడిగోనె పరచుకొని నడిపారు. ఎంతమంది నడిరాత్రి స్టీరింగు మీద ఒరిగిపోయారో, ఎంతమంది మూత్రపిండాలు చెడగొట్టుకున్నారో మనము లెక్క పెట్టలేదు గనుక, ఎవరికీ ఏమీ కాలేదు అనుకుంటున్నాము. నేనూ ఇదే వాదం చేశాను, దాచను. మా బడికి ఫ్యాన్లు వచ్చిన ఏడు, “మేము రేకుల షెడ్డులో చదవలేదా” అని పిల్లల ముందే అన్నాను. ఆ తరగతిలో వీడు కూడా కూర్చొని ఉన్నాడు.

విరిగిన చక్రం ఇప్పుడు నా మేజా మీద, శబ్దరత్నాకరం పక్కన ఉన్నది. భూతద్దం పెట్టి లెక్కపెట్టాను. ఉన్న పళ్ళు ఇరవై ఆరు, పోయినవి రెండు. అడ్డకొలత రెండు సెంటీమీటర్లకు ఒక వెంట్రుక తక్కువ. నడుమ రంధ్రం ఒకవైపు చదునుగా ఉన్నది. 1998 నుంచి అంగళ్ళలోనే ఇంజనీరింగు కళాశాల ఉన్నది. సోమవారం ఆ గేటు దగ్గరికి పోయి, యంత్రాల విభాగంలో కుర్రవాళ్ళెవరైనా దీన్ని కొలిచి, నైలానులోనో ఇత్తడిలోనో ఇంకొకటి చేసి ఇవ్వగలరా అని అడగబోతున్నాను. వారికన్నా ముందు మీలో ఎవరికైనా, బెంగుళూరులోనో కోయంబత్తూరులోనో, ఇలాంటి చిన్న చక్రాలు ఒకటీ రెండూ అయినా చేసి ఇచ్చే చోటు తెలిస్తే కింద వ్యాఖ్యలో రాయండి. కొలతలు పంపుతాను. బండి బుధవారం రాత్రి లోడుకు నిలుస్తుంది.